రిజిస్టరు లేని సర్వీసు

ఒకటో తారీఖంటే మా ఇంట్లో చిన్న పండగ. రిటైరైన మేష్టారిని గదా, నా పింఛను బ్యాంకులో పడేది ఆవేళే. మా వీధి చివర పూరింటి ముసలమ్మకీ ఆవేళే పండగ. సచివాలయం ఉద్యోగి గుమ్మంలోకి వచ్చి నాలుగు వేలు చేతిలో పెట్టి వెళతాడు.

ఆమధ్య ఒక ఒకటో తారీఖున ఆవిడ కిళ్లీకొట్టు దగ్గర మనవడికి బిస్కట్ల పొట్లం, తనకి రెండు చుట్టలు కొంటూ కనబడింది. నా నోరు ఊరుకుంటుందా?

"ఏమ్మా, సర్కారు డబ్బు ఇలా చుట్టలకీ బిస్కట్లకీ తగలేస్తే ఎలా? మందులకి దాచుకోరాదూ?" అన్నాను.

ఆవిడ నొచ్చుకోలేదు. చిల్లర కొంగున ముడేసుకుంటూ, "మరి తమరి పింఛను దేనికి ఖర్సెడతారండీ మేష్టారూ?" అంది. వెటకారం కాదు, తెలుసుకుందామనే అడిగింది.

నాకు జవాబు తోచలేదు. ఇన్నేళ్లుగా తీసుకుంటున్నాను, ఒక్కరూ ఆ ప్రశ్న వెయ్యలేదు. వేస్తే ఊరుకుంటానా? "నా కష్టార్జితం, నా ఇష్టం" అనెయ్యనూ! నకారా కేసులో సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది: పింఛను దయాధర్మం కాదు, చేసిన సేవకు ప్రతిఫలమని. ఏటా డిసెంబరు 17న మా పెన్షనర్లందరం సభ చేసుకుని ఆ మాట తలుచుకుని మురిసిపోతాం కూడా.

మరి ఆవిడ చేసింది సేవ కాదూ? సార్వాకీ దాళ్వాకీ యాభై ఏళ్లు నడుం వంచి నాట్లు వేసింది. నేను పాఠాలు చెప్పింది ఆ అన్నం తినే. నా సర్వీసు ఇంక్రిమెంట్లతో సహా రిజిస్టరులో ఉంది. ఆవిడది రాసిపెట్టిన గుమాస్తా లేడు. రిజిస్టరు లేకపోతే సర్వీసే లేనట్టా?

వృద్ధాప్యంలో సాయం చెయ్యమని రాజ్యాంగం 41వ అధికరణం చెబుతూనే ఉంది, 'ఆర్థిక స్తోమత మేరకు' అన్న మెలికతో. దేశమంతటికీ కలిపి కేంద్రం పథకం పెట్టింది 1995లో, నెలకి 75 రూపాయలతో. ఎనభై లోపు వాళ్లకి కేంద్రం వాటా నేటికీ 200 రూపాయలే. మిగతాది రాష్ట్రం చలవ. ధరలు పెరిగితే నాకు డి.ఎ. పెరుగుతుంది. ఆవిడకి పెరగాలంటే ఎవరికో దయ కలగాలి. హక్కుకీ దయకీ తేడా అంతా అక్కడే ఉంది. దయగా ఇచ్చామనుకున్న చోటే లెక్కలడగబుద్ధేస్తుంది. నాకు వేసింది గదా!

మళ్లీ ఒకటో తారీఖు వచ్చింది. అదే కొట్టు, అదే మనవడు.

"ఏమ్మా, పింఛను అందిందా?" అన్నాను.

"అందిందండీ. మరి తమరిదో?"

"నాదీ అందింది."

ఇద్దరు పెన్షనర్ల మధ్య అంతకు మించి మాటలెందుకు?