స్వాతంత్ర్య మెవరిది?

మానవుఁడు తన బుద్ధిని దానే యుపయోగించుకొనుటకు ధైర్యము వహింపవలయునని జర్మను తత్త్వవేత్తయగు కాంటు 1784వ సంవత్సరమున బోధించెను. ఐరోపాఖండమున నాశతాబ్దము వివేకయుగమని పేరొందినది. పెద్దలు చేసిరని యేయాచారమును నంగీకరింపక, అది న్యాయమా యని విచారించుటయే యాయుగధర్మము. ఆవిచారమే 1789లో ఫ్రాన్సుదేశమున మానవహక్కుల ప్రకటనగా ఫలించెను.

ఇవి కోనసీమకు దూరదేశపు వార్తలు మాత్రమే కావు. ఎదుర్లంకకు గౌతమి యావలియొడ్డుననున్న యానాము 1954వఱకు ఫ్రెంచివారి యధీనమున నుండెను. హక్కులను బ్రకటించిన జాతి పతాకము మన యేటియొడ్డుననే యెగురుచుండఁగా, దానినీడను మనవా రేమి కోరిరి?

బాలికలకుఁ బదునాలుగేండ్లును, బాలురకుఁ బదునెనిమిదేండ్లును నిండక వివాహము చేయరాదని 1929లో శారదాశాసనము పుట్టి, 1930 ఏప్రిలు 1వ తేదినుండి బ్రిటిషుపాలిత భారతమున నమలులోనికి వచ్చెను. ఫ్రెంచిసీమలో నది చెల్లదు. అందుచేఁ జుట్టుప్రక్కల తెలుఁగు కుటుంబములవారు పసిబిడ్డలను వెంటఁబెట్టుకొని యానాము చేరి పెండ్లిండ్లు చేసిరి. ఆయూరికిఁ గల్యాణపురమను పేరు గూడ వచ్చినది.

హక్కులభూమిలో నిదెట్లు చెల్లెను? భారతీయుల వ్యవహారములను వారివారి కులాచారముల ననుసరించి తీర్చవలయునని పుదుచ్చేరి ఫ్రెంచిప్రభుత్వము 1819లో శాసించియుండెను. తరువాతి ప్రజాప్రభుత్వములును దానిని విడువలేదు. కావున యానాము పెండ్లిపీటలపైఁ గూర్చున్న బాలికకు హక్కులప్రకటన యక్కఱకు రాలేదు. తప్పు మనవారిది మాత్రమే కాదు. తాము చెప్పిన సత్యమును దమ రేవుపట్టణమువఱకుఁ దేని పాలకులదియుఁ గలదు.

వివాహము కుటుంబధర్మము, దానిలో రాజ్యము చేయిపెట్టుట స్వాతంత్ర్యభంగము గదా యని యందురేని, ఎవరి స్వాతంత్ర్యమని మొదట నడుగవలయును. బాలిక నెవరైన నడిగిరా? ఆంగ్లేయుఁడగు లాకు 1689లోనే దీనికిఁ దగిన సమాధానము చెప్పియున్నాఁడు. తలిదండ్రుల యధికారము బిడ్డమేలుకొఱకు, బిడ్డకు వివేకము వచ్చువఱకే కలదని యాతని మతము. వివేకము రాకమున్నే కూఁతురి యావజ్జీవమును నిర్ణయించు తండ్రి, కొంతకాలము దాఁచుమని యిచ్చిన సొమ్మును శాశ్వతముగా నమ్ముకొన్నవాఁడగును. వరుఁడు మరణించెనేని యాబాలికకు మిగులునది వైధవ్యమే. 1881 డిసెంబరు 11వ తేదిని రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహమును జరిపించినది యీదుఃఖమును జూచియే.

చదువరులారా! శాసనమును జదివి, దాని పొలిమేర యెక్కడ ముగియునో కనుఁగొనుటకు విద్య చాలును. దానియందలి న్యాయమును గ్రహించుటకు వివేకము కావలయును. ఈరెంటిని నొకటిగా భ్రమించుటయే మన ప్రమాదము. నేఁడు యానామునకును గోనసీమకును శాసన మొక్కటియే. 2006 నాఁటి చట్టము బాలికలకుఁ బదునెనిమిదియు, బాలురకు నిరువదియొక్కటియు వయఃపరిమితిగాఁ గొన్నది. ఏఱు దాఁటి ప్రయోజనము లేదు. అయినను మన తెలుఁగుదేశమున బాల్యవివాహములు పూర్తిగ నంతరింపలేదు. శాసనము చేతిని మాత్రమే యాపఁగలదు. మన యింటి యాచారముల నొక్కొక్కదానిని ముందిడుకొని, దీని భారమును మోయుచున్న దెవరు, వారి నడిగితిమా యని ప్రశ్నించుకొనుట మన పని. ఆప్రశ్నకుఁ దడఁబడక సమాధాన మీయఁగల యాచారమే నిలువఁదగినది.