కడుపు చెప్పే సాక్ష్యం

బరువు తగ్గాలని తిండి తగ్గించి, అదే ఊపులో వ్యాయామం పెంచినవాళ్లలో చాలామందికి కొన్ని వారాలు తిరిగేసరికి కడుపు మొరాయిస్తుంది. తిన్నది పిడికెడే అయినా పొట్ట ఉబ్బుతుంది, పుల్లటి తేన్పులు వస్తాయి, రెండు మూడు రోజులకు గాని విరేచనం కాదు, పరుగు మొదలుపెడితే కడుపులో తిప్పుతుంది. ఇది వైద్యుడికి వదిలేయదగ్గ చిన్న ఇబ్బందేనని అనుకోవడం సులువు. కానీ దీని అడుగున ఒక తాత్విక ప్రశ్న ఉంది. మంచిదనుకుని పెట్టుకున్న నియమానికి నా శరీరమే అడ్డు చెబుతుంటే, ఆ అడ్డును గెలవవలసిన బలహీనత అనుకోవాలా, వినవలసిన మాట అనుకోవాలా? ఇవాళ జిమ్‌లలోనూ ఫోన్‌లో చూసే వీడియోల్లోనూ ఎక్కువగా వినిపించేది మొదటి జవాబే. శరీరం సోమరిది, సాకులు వెతుకుతుంది, దాని మాట వింటే ఎప్పటికీ బాగుపడలేం అంటారు. ఇది కొత్త మాటలా ఉన్నా, ఒంటిని మాడ్చి మనసును గెలవాలన్న పాత తపోవాదమే వేషం మార్చుకుని వచ్చింది. ఆ వాదం పొరపాటని, ఆ పొరపాటును నిగ్రహం బోధించిన గ్రంథాలే ముందుగా పట్టుకున్నాయని నా అభిప్రాయం.

ముందు కడుపులో జరిగేది చూడాలి. గట్టిగా వ్యాయామం చేస్తున్నప్పుడు రక్తం కండరాలకూ చర్మానికీ మళ్లుతుంది. జీర్ణాశయానికీ పేగులకూ అందే రక్తం బాగా పడిపోతుంది. ఇక రోజుల తరబడి తిండి చాలకపోతే శరీరం ఖర్చు తగ్గించుకుంటుంది, ఆ కోత జీర్ణవ్యవస్థ మీదా పడుతుంది. జీర్ణాశయం ఖాళీ కావడం ఆలస్యమవుతుంది, పేగుల కదలిక మందగిస్తుంది. కొంచెం తిన్నా కడుపు నిండిపోయినట్టుండేది అందుకే. దీనికి తోడు, అన్నం తగ్గించినవాడు ఆకలి ఆపుకోవడానికి పచ్చి కూరలు, మొలకలు ఒక్కసారిగా గిన్నెలకొద్దీ మొదలుపెడతాడు. అలవాటు లేని ఆ పీచును పేగుల్లోని సూక్ష్మజీవులు పులియబెట్టి గ్యాస్ చేస్తాయి. పాల చక్కెర పడనివాళ్లకు ప్రొటీన్ పౌడర్, చక్కెర లేదని అమ్మే చాక్లెట్లలోని సార్బిటాల్ వంటివి ఉబ్బరాన్ని ఇంకాస్త పెంచుతాయి. కొవ్వును దాదాపుగా మానేస్తే పిత్తాశయం సరిగా ముడుచుకోదు. మరీ వేగంగా బరువు తగ్గేవాళ్లకు అందులో రాళ్లు ఏర్పడటం వైద్యులకు బాగా తెలిసిన సంగతి. శ్రమకు తగిన ఆహారం అందని క్రీడాకారుల శరీరంలో ఏమేమి దెబ్బతింటాయో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో చెప్పినప్పుడు అందులో జీర్ణక్రియ కూడా ఉంది. ఆ మాట సోమరుల గురించి అన్నది కాదు, లోకంలోకెల్లా కఠినంగా సాధన చేసేవారి గురించి అన్నది.

కారణం తెలిసినంత మాత్రాన ఆ బాధకు ఎంత విలువ ఇవ్వాలో తేలదు. న్యాయదర్శనం ఒకరు చెప్పిన మాటను ప్రమాణంగా ఒప్పుకుంటూనే ఒక షరతు పెట్టింది: చెప్పేవాడు ఆప్తుడై ఉండాలి, అంటే విషయం ఎరిగి ఉన్నదున్నట్టు చెప్పేవాడై ఉండాలి. మరి కడుపు ఆప్తుడేనా? కాదనడానికి గట్టి కారణమే ఉంది. జిహ్వ చెప్పినట్టల్లా ఆడవద్దని ఎన్నో మతాలు హెచ్చరించాయి. సుష్టుగా భోంచేసి లేచిన పావుగంటకే మిఠాయి కనబడితే మళ్లీ చోటు పుడుతుంది. అలాంటి సాక్షిని ఎలా నమ్మడం? కోరిక విషయంలో ఈ అభ్యంతరం పూర్తిగా నిజం. అయితే కోరికా ఉబ్బరమూ ఒకటి కావు. కోరిక ఏదో ఒకటి కావాలంటుంది, అది దక్కితే తృప్తి పడుతుంది, కాబట్టి దాని మాటను అనుమానించి తీరాలి. ఉబ్బరం, మలబద్ధకం, తేన్పు ఏమీ అడగవు. నిజానికి అవి తినాలన్న కోరికనే చంపేస్తాయి. స్వలాభం లేని సాక్షిని స్వలాభం ఉన్నవాడితో కలిపి తోసిపుచ్చడం న్యాయం కాదు. పైగా ఈ సాక్షి చూసింది ఇంకెవరూ చూడలేదు. మెదడుకూ లోపలి అవయవాలకూ మధ్య నడిచే వేగస్ నాడి పోగుల్లో సుమారు 80 శాతం పైకి, అంటే మెదడుకు కబురు మోసేవే. డైట్ చార్ట్ రాసిన వ్యక్తికి గాని, చేతికి కట్టుకున్న గడియారానికి గాని ఆ కబురు అందే దారి లేదు.

సంకల్పం గట్టిదైతే ఇవన్నీ దాటవచ్చు కదా అనేది తరచు వచ్చే ప్రశ్న. ఈ ప్రశ్న సంకల్పం ఒకచోట, అన్నం మరొకచోట ఉన్నాయని ముందే అనుకుని అడిగేది. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకు నేర్పింది సరిగ్గా దీనికి విరుద్ధం. పదిహేను రోజులు ఏమీ తినవద్దు, నీళ్లు మాత్రం తాగమన్నాడు. తర్వాత వేదం చెప్పమంటే, పన్నెండేళ్లు చదివిన కొడుకుకు ఒక్క ముక్క తోచలేదు. తిని వచ్చాక అన్నీ గుర్తొచ్చాయి. మనసు అన్నమయమని తండ్రి చెప్పిన మాట అప్పుడు అర్థమైంది. మూడు వేల ఏళ్లు తిరగకముందే ఇటువంటి పరీక్షే మరోచోట జరిగింది. 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులను 24 వారాల పాటు సగం ఆకలితో ఉంచాడు. రోజుకు సుమారు 1570 కేలరీలు, వారానికి 35 కిలోమీటర్ల నడక. వాళ్లు ఆయుధం పట్టబోమని మతవిశ్వాసం కొద్దీ యుద్ధాన్ని నిరాకరించినవాళ్లు. సంకల్పబలానికి అంతకన్నా నిదర్శనం ఏం కావాలి? అయినా వాళ్లలో చిరాకు, దిగులు, నిస్సత్తువ ముసురుకున్నాయి, తిండి తప్ప వేరే ఆలోచన లేకపోయింది. ఆ కేలరీల అంకె నన్ను ఎప్పుడూ కలవరపెడుతుంది, ఎందుకంటే ఇవాళ ఎంతోమంది అంతకన్నా తక్కువ తిని అంతకన్నా ఎక్కువ నడుస్తున్నారు. సంకల్పం కూడా అన్నం తినే బతుకుతుంది. దానికి తిండి పెట్టకుండా దానితో కడుపును గెలవాలనుకోవడంలోనే తర్కదోషం ఉంది.

వ్యాయామం గురించి వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పినదాన్ని చదివితే ఆశ్చర్యం వేస్తుంది. వ్యాయామం ఒంటిని తేలిక చేస్తుంది, జఠరాగ్నిని పెంచుతుంది, కొవ్వును కరిగిస్తుంది అని మెచ్చుకున్నాడు. వెంటనే హద్దు గీశాడు: బలం ఉన్నవాళ్లు, నెయ్యి నూనెలతో కూడిన భోజనం చేసేవాళ్లు, తమ శక్తిలో సగం వరకే చేయాలట. అజీర్ణంతో ఉన్నవాడు అసలు మానుకోవాలట. అంటే కడుపు బాధ ఆయనకు వ్యాయామాన్ని ఆపడానికి చాలినంత సాక్ష్యం. భగవద్గీత ఇంకా కటువుగా మాట్లాడింది. ఆరో అధ్యాయంలో మరీ ఎక్కువ తినేవాడికే కాదు, బొత్తిగా తిననివాడికీ యోగం కుదరదంది. పదిహేడో అధ్యాయంలో శరీరాన్ని శుష్కింపజేసే ఘోర తపస్సును ఆసుర నిశ్చయమంది, అందులో బాధపడేది లోపల ఉన్న పరమాత్మ కూడానంది. దైవాన్ని నమ్మనివారు ఆ చివరి మాటను పక్కన పెట్టవచ్చు, మొదటి మాటకు దైవంతో పని లేదు.

మరి ఉపవాసాల సంగతేమిటి, పొట్టి శ్రీరాములు 1952లో 58 రోజులు అన్నం ముట్టకుండా ప్రాణమిచ్చారు కదా, తిండి మానుతూ ప్రాణం విడిచే సల్లేఖన వ్రతాన్ని జైనులు పవిత్రమంటారు కదా అని అడగవచ్చు. ఇది తేలిగ్గా తీసేయదగ్గ అభ్యంతరం కాదు. ఆ మహానుభావుడి బాధ ముందు మన ఉబ్బరాల గురించి మాట్లాడటానికే సంకోచం కలుగుతుంది. కానీ ఆయన తన శరీరం నుంచి ఏమీ కోరలేదు. ప్రభుత్వం నుంచి కోరారు, శరీరాన్ని అందుకు పణంగా పెట్టారు. సల్లేఖన చేసే జైనుడు శరీరాన్ని విడవడానికే సిద్ధపడ్డాడు. వాళ్ల బాధ వాళ్ల ఉద్దేశంలో భాగం. వ్యాయామం చేసేవాడి ఉద్దేశం వేరు. అతను ఈ శరీరాన్నే బలంగా, ఆరోగ్యంగా చేసుకోవాలని పూనుకున్నాడు. కడుపు పాడయ్యే పద్ధతి అతని ఉద్దేశానికి సేవ చేయదు, దాన్నే తినేస్తుంది. ఏటా వచ్చే ఉపవాసాలు సైతం కడుపు మాటకు చోటు ఉంచాయి: రంజాన్ నెలలో రోగికీ ప్రయాణికుడికీ ఖురాన్ మినహాయింపు ఇచ్చింది. లంఖణం పరమౌషధమన్న పెద్దలు ఆ మాట మంచం పట్టినవాడికి చెప్పారు గాని బరువులెత్తేవాడికి చెప్పలేదు.

చివరిగా, ఇలా ప్రతి ఉబ్బరానికీ చెవి ఒగ్గితే మనిషి సుఖలాలసుడైపోడా అనే భయం. గౌతమ బుద్ధుడి మీద వచ్చిన నిందా ఇదే. పొట్ట తడిమితే వెన్నెముక చేతికి తగిలేంతగా ఎండిపోయిన ఆయన మళ్లీ అన్నం తిన్నప్పుడు, వెంట ఉన్న ఐదుగురు భోగలాలసుడయ్యాడని వదిలి వెళ్లారు. తర్వాత సారనాథ్‌లో ఆయన మొదటి బోధ విన్నది ఆ ఐదుగురే. అందులో ఆయన సుఖంలో మునగడాన్నీ శరీరాన్ని హింసించుకోవడాన్నీ కలిపే కాదన్నాడు. సాక్ష్యం వినడమంటే సాక్షికి తీర్పు అప్పగించడం కాదు. కొత్తగా పెంచిన పీచు వల్ల వచ్చిన గ్యాస్ కొద్ది వారాల్లో సర్దుకోవచ్చు. నెమ్మదిగా పెంచి, నీళ్లు బాగా తాగుతూ చూడవచ్చు. రక్తం పడినా, కుడి డొక్కలో తీవ్రమైన నొప్పి వచ్చినా, ఆగని వాంతులైనా ఆలోచన కట్టిపెట్టి వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. ఈ రెంటికీ మధ్య ఉన్న పెద్ద భాగం విషయంలోనే నిగ్రహానికి నిజమైన పని ఉంది. అక్కడ చేయవలసింది సాధారణంగా కోతను కొంత తగ్గించడం, కఠినమైన వ్యాయామానికి ముందూ వెనకా కొంత తినడం, మూడు నెలల్లో దిగాలనుకున్న బరువుకు ఆరు నెలలు ఇవ్వడం. నోరు కట్టుకోవడం కన్నా, పదిమందికి చెప్పుకున్న గడువును వదులుకోవడం చాలామందికి కష్టం.