తెర మీది రాముడికి ప్రాణప్రతిష్ఠ ఎవరు చేశారు?

1913 మే 3న బొంబాయి గిర్‌గావ్‌లోని కొరొనేషన్ సినిమాటోగ్రాఫ్‌లో దాదాసాహెబ్ ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’ జనం ముందుకొచ్చింది. ఒక్క సినిమాతో టికెట్ డబ్బు గిట్టుబాటు కాదని ప్రేక్షకులు అనుకుంటారేమోనని, ప్రకటనలో ఒక దొరసాని డాన్సు, హాస్య ప్రదర్శన, కాళ్లతో గారడీ చేసే అలెగ్జాండర్ అనే ఆయన విన్యాసాలు కూడా చేర్చారు. సత్యం కోసం ఆలిని అమ్ముకున్న రాజు కథ ఒకవైపు, కాళ్లతో గారడీ ఇంకోవైపు! భక్తికి అనువైన చోటని ఎవరూ అనుకోరు.

నాలుగేళ్లు తిరిగాక ఫాల్కే ‘లంకా దహన్’ వచ్చింది. రాముడు కనబడగానే హాల్లో జనం చెప్పులు విడిచి సాష్టాంగపడ్డారని చెబుతారు. ఆ రోజులను తలచుకుంటూ నిర్మాత జె.బి.హెచ్. వాడియా, చుట్టుపక్కల పల్లెల వాళ్లు బండ్లు కట్టుకుని రాముడి దర్శనానికి వచ్చారన్నాడు. ఇంతకీ ఆ రాముడు అన్నా సాలుంకే, ఒకప్పుడు హోటల్లో పనిచేసినవాడు. ఆ సినిమాలో సీత కూడా అతనే.

మరి జనం దండం పెట్టింది ఎవరికి?

ప్రాణప్రతిష్ఠ జరిగేదాకా ఎంత గొప్ప శిల్పమైనా రాయేనంటుంది ఆగమం. ఫిల్ము చుట్టకు ఆ తంతు ఏదీ లేదు. ఆపరేటర్ హ్యాండిల్ తిప్పితే దేవుడొచ్చాడు, రీలు అయిపోగానే వెళ్లిపోయాడు. కాబట్టి అదంతా భ్రమ అని కొట్టిపారేయడం తేలికే. కానీ ఆ మాట అనే పెద్దమనిషి ఇంట్లో వ్రతం ఎలా మొదలవుతుందో చూడాలి. తమలపాకు మీద పసుపు ముద్ద పెట్టి, కుంకుమ అద్ది, అందులోకి గణపతిని ఆవాహన చేస్తారు. అక్షింతలు వేసి, బెల్లం ముక్క నైవేద్యం పెడతారు. పూజ కాగానే ఆకును కాస్త కదిపి ఉద్వాసన చెబుతారు. అంతదాకా దేవుడైనది మళ్లీ పసుపే. దేవుడు కాసేపు వచ్చి వెళ్లొచ్చనీ, అందుకు గుడి కట్టనక్కర్లేదనీ ఆ పూజావిధానమే ఒప్పుకుంటోంది కదా.

ఇంట్లో మంత్రం చెప్పడానికి పురోహితుడుంటాడు. హాల్లో ఆ ఆవాహన జనమే చేసుకున్నారు. మన పల్లెల్లో టూరింగ్ టాకీసుల వాళ్లు ఈ గుట్టు పట్టేశారు. ఆట మొదలుకాబోతోందనడానికి ఘంటసాల ‘నమో వెంకటేశా’ రికార్డు మైకులో వేసేవారు. ఆ తర్వాత పడే బొమ్మ కత్తియుద్ధాల జానపదమైనా సరే! వ్యాపారమే, కాదనలేం. అయితే గుడి ముందు కొబ్బరికాయలు అమ్మేదీ వ్యాపారమే.

1963లో ‘లవకుశ’ చూడడానికి బండ్లు కట్టుకుని వెళ్లినవాళ్లకు అంజలీదేవి నటి అని తెలియక కాదు. అయినా ఆమె ఎదురుపడితే సీతమ్మేనని మొక్కారు. బొమ్మ అయిపోయినా ఉద్వాసన చెప్పలేదన్నమాట. ఎన్టీఆర్ 1983లో గెలిచింది కూడా అందుకే అనేవాళ్లున్నారు గానీ, అది ఓటరును మరీ తక్కువ చేయడం.

ఈ చర్చలో పండితులు అంతగా పట్టించుకోని ప్రశ్న ఒకటుంది: గుళ్లో దర్శనమే నిజమైనదైతే, అది దొరకనివాళ్ల సంగతేమిటి? ఫాల్కే పుట్టిన త్ర్యంబకేశ్వర్ నాసిక్ పక్కనే. ఆ నాసిక్‌లోని కాలారామ్ ఆలయంలోకి దళితులను రానివ్వాలంటూ 1930 మార్చి 2న అంబేద్కర్ నాయకత్వంలో సత్యాగ్రహం మొదలైంది. అది ఏళ్ల తరబడి సాగినా తలుపులు తెరుచుకోలేదు. ఆ సత్యాగ్రహం మొదలయ్యేనాటికే తెర మీద రాముడు కనిపించి పన్నెండేళ్లు దాటింది.

తమిళులంతా ఒకే కప్పు కింద కూర్చున్న మొదటి ప్రదర్శనశాల సినిమా హాలేనని తమిళ పండితుడు కార్తిగేసు శివతంబి రాశాడు. అక్కడ ఎవరెక్కడ కూర్చోవాలో తేల్చేది పుట్టుక కాదు, జేబులోని డబ్బు. సమానత్వం అనడానికి లేదు. కుర్చీ వేరు, బెంచీ వేరు, నేల వేరు. కాకపోతే గుళ్లో గొప్పవాళ్లకు గర్భగుడి దగ్గర చోటు దొరికితే, టాకీసులో తెరకు అందరికన్నా దగ్గరగా ఉండేది నేల టికెట్టువాడు.