సంయోగం, సమవాయం: పడవకు వేసే బిగింపులపై ఒక తాత్త్విక విచారణ

రెండు వస్తువులు కలిసి ఒక్కటిగా పనిచేస్తున్నప్పుడు ఆ కలయిక అనేది ఏమిటి, అది ఆ రెండింటికీ వెలుపల ఉన్న మూడో పదార్థమా, వాటిలోనే పుట్టిన గుణమా, లేక చూసేవారి బుద్ధి కల్పించుకున్న ఊహ మాత్రమేనా అన్న ప్రశ్నను న్యాయ వైశేషిక దర్శనాలు శతాబ్దాల పాటు పట్టు విడవకుండా విచారించాయి. 17వ శతాబ్దానికి చెందిన ఆంధ్రుడు అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం నేటికీ తర్కశాస్త్ర విద్యార్థులకు తొలి పాఠ్యగ్రంథంగా నిలిచి ఉంది. ఆ గ్రంథం సంప్రదాయాన్ని అనుసరించి సంబంధాలను ప్రధానంగా రెండుగా విభజిస్తుంది. విడివిడిగా ఉండగలిగిన రెండు ద్రవ్యాలు వచ్చి తాకి నిలవడం సంయోగం. అది గుణం, అనిత్యం, విభాగం చేత నశించేది. ఒకటి నశించనంత వరకు మరొకదానిని ఆశ్రయించే ఉండవలసిన రెండింటి మధ్య ఉండేది సమవాయం. దారాలకూ గుడ్డకూ, ద్రవ్యానికీ దాని గుణానికీ ఉన్న సంబంధం అటువంటిది, దానిని ఈ దర్శనం నిత్యమని చెబుతుంది.

ఈ విభజన పాఠశాలలో కంఠస్థం చేసే వర్గీకరణగా మిగిలిపోకుండా చేతిపనికి కూడా వెలుగు చూపగలదని చెప్పడానికి చేపలు పట్టే కయాక్ మంచి ఉదాహరణ. కయాక్ అంటే ఒకరో ఇద్దరో కూర్చుని తెడ్డుతో నడుపుకునే సన్నని చిన్న పడవ. మదనపల్లె సమీపంలో నిమ్మనపల్లె దగ్గర ఉన్న బాహుదా జలాశయం వంటి నిలకడ నీటిలో అటువంటి పడవపై చేపల కోసం వెళ్లే మనిషి, గాలపు కర్రను నిలిపే గొట్టాన్ని, తెడ్డును పట్టి ఉంచే కొక్కేన్ని, లంగరు తాడు కట్టే గుబ్బను పడవకు బిగించుకోవలసి వస్తుంది. వాటిని దేనితో బిగించాలి, ఎక్కడ బిగించాలి, ఎంత బిగించాలి అన్నవి పనిముట్ల ప్రశ్నలే అయినా, వాటి అడుగున ఉన్నది సంబంధ స్వరూపాన్ని గురించిన ప్రశ్నే.

ఈ కోవకు చెందిన పడవలు ఎక్కువగా పాలిథీన్‌తో తయారవుతాయి. ప్లాస్టిక్ పొడిని అచ్చులో పోసి, ఆ అచ్చును వేడి చేస్తూ రెండు అక్షాల చుట్టూ తిప్పితే, పొడి కరిగి లోపలి గోడలకు సమంగా అంటుకుని, చల్లారిన తరువాత అతుకు లేని ఒకే తొడుగుగా బయటకు వస్తుంది. అతుకు లేని ఆ తొడుగుకూ దాని అవయవాలకూ ఉన్నది, శాస్త్రభాషలో చెప్పాలంటే, సమవాయం. దానిపై చేర్చే ప్రతి పరికరమూ బయటి నుంచి వచ్చి చేరేదే కనుక దానితో సాధ్యమయ్యేది సంయోగం మాత్రమే. పాలిథీన్ ఉపరితలం మామూలు జిగురును పట్టనివ్వదు, సిలికాన్ కూడా దానిపై ఎక్కువ కాలం గట్టిగా నిలవదు. రెండింటినీ తేడా తెలియనంతగా ఏకం చేసే సులభమార్గాన్ని ఆ పదార్థ స్వభావమే మూసివేసింది కనుక, బిగించేవారు అభేదాన్ని కోరకుండా, భేదాన్ని అంగీకరించి గట్టి సంయోగాన్ని సాధించవలసి ఉంటుంది.

సంయోగం ఎలా వ్యాపిస్తుందో చెప్పడానికి తార్కికులు రెండు సూక్ష్మమైన మాటలు వాడారు. మొదటిది సంయోగజ సంయోగం: చేయి పుస్తకాన్ని తాకితే, ఆ సంయోగం నుంచి శరీరానికీ పుస్తకానికీ సంయోగం పుడుతుందని అన్నంభట్టు తన గ్రంథానికి తానే రాసిన దీపిక అనే వ్యాఖ్యలో వివరించాడు. పడవ గోడలో ఒక్కచోట బోల్టు పట్టుకుంటే, గాలపు కర్ర మోసే బరువు పడవ మొత్తానికీ చెందుతుంది. రెండవది అవ్యాప్యవృత్తి, అంటే ఆశ్రయమంతటా వ్యాపించకుండా దానిలో ఒక భాగంలో మాత్రమే ఉండటం. చెట్టు కొమ్మపై కోతి ఉంటే, కోతితో చెట్టుకు సంయోగం కొమ్మ దగ్గర ఉంది, మొదలు దగ్గర లేదు. అయినా సంయోగం కలిగినది చెట్టే. ఈ రెండు మాటలను కలిపి చూస్తే బిగింపులోని అసలు ఇబ్బంది అర్థమవుతుంది. సంబంధం మొత్తం పడవతో ఏర్పడుతుంది, ఆ సంబంధపు భారం మాత్రం రంధ్రం అంచున ఉన్న కొద్దిపాటి ప్లాస్టిక్‌పైనే పడుతుంది.

అందువల్ల మంచి బిగింపుకు మొదటి లక్షణం భారాన్ని పంచడం. తనంతట తాను మర కోసుకుంటూ దిగే స్క్రూ, కొద్ది మిల్లీమీటర్ల మందమున్న మెత్తని గోడలో రెండు మూడు మర చుట్ల పట్టుతోనే నిలబడుతుంది కనుక, పెద్ద చేప లాగినప్పుడు గానీ, అలవాటుగా పదేపదే ఊగినప్పుడు గానీ ఊడి వస్తుంది. పడవ లోపలి వైపుకు చేయి వెళ్లే చోట బోల్టు వేసి, లోపల వెడల్పాటి వాషరునో ప్లాస్టిక్ పలకనో ఉంచి నట్టు బిగిస్తే, అదే బరువు ఎన్నో రెట్లు పెద్ద వైశాల్యంపై పరుచుకుంటుంది. చేయి వెళ్లని చోట, లాగినప్పుడు వెనుక వైపున మూడు రెక్కలుగా విచ్చుకునే రివెట్టు గానీ, బిగించే కొద్దీ లోపల ఉబ్బి రంధ్రాన్ని నింపే రబ్బరు తొడుగు నట్టు గానీ పనికి వస్తుంది. వీటన్నింటి వెనుకా ఉన్న సూత్రం ఒక్కటే: ఒక అంశంలో మాత్రమే ఉండగలిగిన సంబంధం తన ఆశ్రయాన్ని గాయపరచకుండా ఉండాలంటే, ఆ అంశాన్ని వీలైనంత విశాలం చేయాలి.

ఇక్కడ శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయంలో వైశేషికులపై లేవనెత్తిన ఆక్షేపణ గుర్తుకు రావలసి ఉంది. రెండు పదార్థాలను కలపడానికి వాటికంటే భిన్నమైన సమవాయం కావాలంటే, ఆ సమవాయాన్ని వాటితో కలపడానికి మరో సమవాయం కావాలి, దానికి ఇంకొకటి కావాలి, ఈ వరుసకు అంతం ఉండదు. దీనినే అనవస్థా దోషం అంటారు. సమవాయం తన స్వరూపం చేతనే సంబంధిస్తుందని, దానికి వేరే సంబంధం అక్కరలేదని నైయాయికులు బదులు చెప్పారు. బోల్టును గురించి కూడా ఇదే సందేహం కలగవచ్చు: పరికరాన్ని పడవకు బోల్టు పట్టి ఉంచితే, బోల్టును ఏది పట్టి ఉంచుతోంది? యంత్రశాస్త్రం ఇచ్చే సమాధానం ఈ వాదానికి ఆశ్చర్యకరమైన స్పష్టతను ఇస్తుంది. నట్టు బిగించినప్పుడు బోల్టు కంటికి కనిపించనంత కొద్దిగా సాగుతుంది. తిరిగి తన పొడవుకు రావాలన్న ఆ సాగుదల రెండు వస్తువులనూ ఒకదానికొకటి అదిమిపెడుతుంది. ఆ అదుముడు వల్ల మరల మధ్య, తాకే ఉపరితలాల మధ్య పుట్టిన ఘర్షణే అన్నింటినీ నిలుపుతుంది. బోల్టు ఒక ద్రవ్యం. సంబంధం ఆ ద్రవ్యం కాదు, కలిసినవన్నీ పరస్పరం అనుభవిస్తున్న ఒత్తిడి స్థితి. కనుక దానిని నిలపడానికి మరో బోల్టు అక్కరలేదు, అనవస్థకు తావు లేదు.

అయితే ఆ స్థితి శాశ్వతం కాదు. నిరంతర ఒత్తిడి కింద పాలిథీన్ మెల్లమెల్లగా ఒదిగిపోతుంది, ఎండకు ఉక్కు కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. ఫలితంగా మొదట ఉన్న బిగువు రోజులు గడిచే కొద్దీ సడలుతుంది. నైలాన్ వలయం ఉన్న లాక్ నట్టు బిగువు తగ్గినా తిరిగి ఊడిపోకుండా ఆపుతుంది గానీ, పోయిన బిగువును తెచ్చి ఇవ్వలేదు. దానిని తిరిగి ఇవ్వగలిగేది మనిషి శ్రద్ధ ఒక్కటే. సంయోగం అనిత్యమని శాస్త్రం చెప్పిన మాటకు ఆచరణలో అర్థం ఇదే: ఒకసారి చేసి మరిచిపోయే సంబంధం లేదు, కాపాడుతూ ఉండే సంబంధమే ఉంది.

మంచి బిగింపుకు రెండవ లక్షణం, అవసరమైనప్పుడు హాని లేకుండా విడిపోవడం. తార్కికులు విభాగాన్ని ఉత్తి సంయోగాభావంగా చూడక, సంయోగాన్ని నశింపజేసే వేరొక గుణంగా లెక్కించారు. విడిపోవడం కూడా దానంతట అది జరిగే లోపం కాదని, దానికంటూ ఒక స్వరూపం ఉందని దీని భావం. బోల్టు నట్టు విప్పితే పరికరమూ పడవా రెండూ యథాతథంగా మిగులుతాయి, రివెట్టును తొలగించాలంటే డ్రిల్లుతో దానిని నాశనం చేయాలి. అల్యూమినియానికి స్టెయిన్‌లెస్ స్టీలు తగిలి ఉన్నచోట నీరు చేరితే, ఆ రెండు లోహాల మధ్య విద్యుత్ రసాయన చర్య మొదలై అల్యూమినియం తినివేయబడుతుంది, చివరికి రెండూ విడదీయరాకుండా పట్టుకుపోతాయి. ఉప్పునీటి కోసం మాలిబ్డినం కలిసిన 316 రకం స్టీలును ఎంచుకోవడానికి, బాహుదా వంటి మంచినీటికి 304 రకం సాధారణంగా సరిపోవడానికి కారణం ఉప్పు స్టీలును తినివేయడాన్ని గురించిన ఆలోచనే. తుప్పుతో వచ్చిన ఆ గట్టిదనం సమవాయంలా కనిపించినా, నిజానికి అది ఒక ద్రవ్యం చెడిపోవడం.

తెలుగు తీరం ఈ వివేకాన్ని ఎప్పుడో ఎరిగి ఉంది. జాలరులు దుంగలను తాళ్లతో కట్టిన తెప్పపై సముద్రంలోకి వెళ్లేవారు, ఒడ్డుకు వచ్చాక కట్లు విప్పి దుంగలను ఆరబెట్టేవారు. కోరమాండల్ తీరంలో అలల తాకిడిని దాటే మసులా పడవల పలకలను మేకులు లేకుండా కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. అల కొట్టినప్పుడు మేకు వేసిన పలక చీలుతుంది, కుట్టిన పలక ఒదుగుతుంది. ఓడల పలకలకు ఇనుము వాడితే సముద్రంలోని అయస్కాంత శిలలు లాగివేస్తాయని భోజుని పేరిట ఉన్న యుక్తికల్పతరువు హెచ్చరించింది. అంతకు చాలా ముందే, 6వ శతాబ్దపు బైజాంటియన్ చరిత్రకారుడు ప్రొకోపియస్ ఇనుము వాడిన రోమను ఓడలకు ఏమీ కాలేదని చెప్పి ఆ నమ్మకాన్ని కొట్టివేశాడు. కారణంగా చెప్పినది తప్పయినా ఆచారం సరైనదే: ఒదిగే వస్తువును ఒదిగే కట్టుతోనే కలపాలి. ఆ కుట్టు విద్యతోనే నిర్మించిన కౌండిన్య అనే నౌక 2025లో కార్వార్‌లో భారత నౌకాదళంలో చేరింది.

విడిపోవడంలోని సత్యాన్ని మనుషుల సంఘాల విషయంలో నిరూపించి చూపినవారు మదనపల్లెలోనే 1895లో జన్మించారు. జిడ్డు కృష్ణమూర్తి తనను జగద్గురువుగా నిలపడానికి 1911లో ఏర్పడిన ఆర్డర్ ఆఫ్ ది స్టార్ సంఘాన్ని 1929 ఆగస్టు 3న నెదర్లాండ్స్‌లోని ఒమెన్‌లో తానే రద్దు చేసి, దానికి సమకూరిన ఆస్తులను దాతలకు తిరిగి ఇప్పించారు. ఆధారపడటాన్ని సంబంధంగా పొరబడకూడదని ఆయన జీవితాంతం బోధించారు. విడివడిన తరువాత ఇరువైపులా ఎవరి స్వరూపం వారికి మిగిలిందా అన్నదే ఆ సంబంధం నిజాయితీకి పరీక్ష అయితే, ఆ పరీక్షకు ఆయన తన జీవితాన్నే ఒడ్డారు.

పడవకు వేసే ప్రతి రంధ్రమూ మాత్రం వెనక్కి తీసుకోలేనిది. బోల్టును విప్పవచ్చు, రంధ్రాన్ని విప్పలేము. అందుకే వివేకవంతుడు ఒక్కో పరికరానికి ఒక్కో చోట తొలచకుండా, ముందుగా ఒక పట్టాలాంటి పొడవాటి ఆధారాన్ని నాలుగైదు బోల్టులతో బిగించి, దానిపై పరికరాలను జరుపుకుంటూ మార్చుకుంటాడు. నీటిమట్టానికి పైన, పదునైన మూలలు లేని గుండ్రని రంధ్రాన్నే వేస్తాడు. అవసరం తేలని పరికరాన్ని అసలు బిగించడు. అవసరానికి మించి కూడబెట్టకపోవడాన్ని మన శాస్త్రాలు అపరిగ్రహం అన్నాయి. ఎన్నిటితో సంబంధం పెట్టుకోవాలి అన్న ప్రశ్నకు అది మొదటి సమాధానం. భారాన్ని పంచాలి, బిగువును కాపాడాలి, విడిపోయే దారిని ముందే ఉంచాలి అన్నవి తరువాతి మూడు. సంయోగాన్ని సమవాయంగా భ్రమించనివారే ఈ నాలుగింటినీ పాటించగలరు. వారు కట్టిన సంబంధమే పడవలోనైనా సమాజంలోనైనా ఎక్కువ కాలం, ఎవరికీ హాని చేయకుండా నిలుస్తుంది.