దంపతుల చేతి నైవేద్యము

నాలుగు ఆశ్రమములలో గృహస్థాశ్రమమునకు పెద్దలు విశేషస్థానము నిచ్చిరి. తక్కిన మూడు ఆశ్రమములవారికిని అన్నము లభించునది గృహస్థుని యింటనే గదా! అట్టి యింటికి పొయ్యి ఆయువుపట్టు. ఆ పొయ్యియొద్ద నిలుచుట ఎవరి ధర్మము? భార్యకు మాత్రమేనా, భర్తకును అందు భాగము కలదా? ఇది చిన్న ప్రశ్నవలె తోచును. కాని అనేక కుటుంబములలోని కలతలకు మూలము వెదకినచో ఈ ప్రశ్నయే యెదురగును.

భార్యను సహధర్మచారిణి యందురు. ఆ మాటలోని 'సహ' శబ్దము ఒక్కరికే వర్తించునది కాదు. భార్య భర్తతో కలిసి ధర్మమాచరించునదైనచో, భర్తయు భార్యతో కలిసి ఆచరింపవలసినవాడే. 'పత్ని' యను శబ్దము యజ్ఞసంబంధమున సిద్ధించునని పాణిని సూత్రించెను. వివాహమున సప్తపదియందు మొదటి అడుగు అన్నము కొరకు. ఏడవ అడుగు సఖ్యము కొరకు. అన్నముతో మొదలైన నడక స్నేహమునొద్దకు చేరుటలో గొప్ప అర్థమున్నది. ఆ రెండు అడుగుల నడుమనున్న దూరమే సంసారము.

వంట పురుషునికి తగని పని యని కొందరి తలంపు. ఇది మన సంప్రదాయమునకే విరుద్ధము. శ్రేష్ఠమైన వంటను మనము నలభీమపాకమని పొగడుచున్నాము. ఋతుపర్ణుని కొలువున నలుడును, విరటుని కొలువున భీముడును గరిటె పట్టినవారే. దేవాలయములలో స్వామికి ప్రసాదములు వండు పాచకులు పురుషులే. రాజమందిరమునను, కోవెలయందును గౌరవమైన పని తన యింటికి వచ్చుసరికి చిన్నతనమెట్లగును? మెచ్చుకొనువారు లేని చోట చేయవలసి వచ్చుటచేతనే అది చిన్నతనముగ తోచుచున్నది. చూచువారు లేని చోట చేసిన పనియే నిజమైన కైంకర్యము గదా!

మరికొందరు, "భర్త సంపాదించును, భార్య వండును, పని పంచుకొనిన పిమ్మట ఇక లోపమేమి?" యందురు. ఈ మాటలో న్యాయము లేకపోలేదు. నేడు ఇరువురును సంపాదించు ఇండ్లలో మాత్రము ఆ న్యాయమును నిలువదు. అదియునుగాక, పంచుకొనుట వేరు, కలిసి చేయుట వేరు. పంచుకొనిన పనిలో ఎవరి లెక్క వారిది. కలిసి చేసిన పనిలో లెక్క మరపునకు వచ్చును.

సంక్రాంతికి అరిసెలు వండు విధము చూచినచో ఈ విషయము తేటపడును. కొత్త బియ్యము నానబెట్టి, నీరు వార్చి, తడి ఆరకముందే దంచి జల్లింపవలెను. బెల్లపు పాకమును పొయ్యిపై కలుపుచుండవలెను. పళ్లెములోని నీటిలో ఒక బొట్టు వేసి పరీక్షింతురు. అది కరగక మెత్తని ఉండ కట్టినచో పాకము కుదిరినట్లు. లేతదైన అరిసె నూనెలో విచ్చిపోవును, ముదిరినచో గట్టిపడును. అదను తప్పకుండ పాకమును దింపి, ఒకరు పిండి పోయుచుండ, మరొకరు ఉండలు కట్టకుండ తెడ్డుతో కలియబెట్టవలెను. పిమ్మట ఒకరు ఆకుపై వత్తి నూనెలో వేయుచుండ, మరొకరు వేగినదానిని తీసి చెక్కలతో నొక్కి నూనె దించవలెను. ఇది ఒంటిచేతి పని కాదు. "పాకము వచ్చినదండీ, పిండి పోయండి" అని భార్య యన్నప్పుడు, "నాకు చెప్పుదానవా?" యని వాదించుటకు పాకము వేచియుండదు.

ఆ క్షణమున భర్త విద్యార్థి, భార్య గురువు. లోకమున పదిమందికి ఆజ్ఞ లిచ్చువాడు వంటయింట ఆజ్ఞను శిరసావహించును. ఇది అతని యహంకారమునకు మందు. భార్యకును ఇందొక పరీక్ష యున్నది. అతడు వత్తిన అరిసె వంకరపోయినను నవ్వి యవమానింపక, "నా వంటయిల్లు" అను మమకారమును కొంత విడువవలెను. ఇట్లు ఒకరు అహంకారమును, ఒకరు మమకారమును సడలించిననాడే అచ్చట దాంపత్యము మొలకెత్తును.

నిత్యము వండిన వంటలో ఒకరు వండుదురు, మరొకరు తీర్పు చెప్పుదురు. ఉప్పు తక్కువైనదనియు, కారము ఎక్కువైనదనియు పళ్లెము ముందు కూర్చుండి పలికిన మాటలు ఎన్ని హృదయములను గాయపరచినవో! నైవేద్యమున ఈ బాధ లేదు. అది స్వామి ముందుంచబడువరకు ఇరువురును రుచి యెరుగరు. ఇరువురును సేవకులే; తీర్పు స్వామిది. ఆయనకు అర్పితమైన పిదప అది ప్రసాదము. ప్రసాదమునకు వంక పెట్టువారుండరు. అనుదినము వండిన అన్నమును ముందుగ స్వామికి నివేదించు గృహమున ఈ శాంతి పండుగనాటికే పరిమితము కాక నిత్యమును నిలుచును.

భాగవతమునందలి కుచేలోపాఖ్యానము స్మరణీయము. నాలుగు పిడికిళ్ల అటుకులు యాచించి తెచ్చి వస్త్రమున ముడివేసినది భార్య. ద్వారకకు మోసికొనిపోయినవాడు భర్త. ఆమె లేనిచో ఆయన వట్టిచేతులతో పోయెడివాడు. ఆయన లేనిచో ఆ మూట గడప దాటెడిది కాదు. శ్రీకృష్ణుడు ప్రీతితో ఆరగించిన పిడికెడు అటుకులు ఆ దంపతు లిరువురి నైవేద్యము. రెండవ పిడికెడు ఆరగింపబోగా చేయి పట్టినది రుక్మిణీదేవి. ఇచ్చినవారు దంపతులు, అందుకొన్నవారును దంపతులే!

తిరుప్పావైలోని 27వ పాశురమున గోదాదేవి కోరినదియు ఇదియే. వ్రతము ముగిసిన గోపికలు నేయి పొంగారు పాయసమును ఏకాంతమున భుజింపగోరలేదు. స్వామితో కూడియుండి భుజింపగోరిరి. పాయసముకన్న ఆ కూడియుండుటయే ఫలము.

ఇచ్చట ఒక హెచ్చరిక యవసరము. పండుగనాడు నాలుగు అరిసెలు వత్తి, చేయి కడుగుకొని, జిడ్డు పాత్రలను భార్యకు విడిచిపోవుట సహధర్మము కాదు. పొయ్యి అలికి, పాత్రలు తోమి బోర్లించువరకు నైవేద్యసేవ ముగియలేదని యెరుగవలెను. మరియు, ఆరోగ్యము ఎల్లకాలము ఒకతీరున నుండదు. భార్య మంచము పట్టిననాడు స్వామికి పిడికెడు అన్నమైనను వండుట తెలియని భర్త యింట, ఆరాధనయు ఆగును, ఆమెకు పథ్యమును కరువగును. వంట నేర్చినవాడు ఆనాడు రెండు సేవలను నిలుపుకొనును. కూర్చుండుటకే శక్తి యున్నవారైనను నువ్వులు ఏరి యిచ్చిన చాలును. ఆ చేయియు నైవేద్యమున కలిసినదే.

వక్షఃస్థలమున లక్ష్మిని ధరించి, క్షణమైనను ఎడబాయని శ్రీనివాసుని కొలుచువారికి ఎడబాటులేని సేవయే తగును. ఒకే పొయ్యియొద్ద రెండు చేతులు కలిసి వండిన పిడికెడు అన్నమును ఆ దివ్యదంపతులు తప్పక స్వీకరింతురుగాక!