దంపతుల నడుమ వాక్కు

తపస్సు చేయడానికి గృహస్థు అడవికి పోనక్కరలేదు. గీత పదునేడవ అధ్యాయంలో వాక్కుకు సంబంధించిన తపస్సును చెబుతూ భగవానుడు, ఎదుటివారిని కలతపెట్టనిది, సత్యమైనది, ప్రియమైనది, హితమైనది అయిన మాటను పేర్కొన్నాడు. ఈ నాలుగూ ఒక్క మాటలో ఇమడడం ఎంత కష్టమో కట్టుకున్నవారితో మాట్లాడేటప్పుడే తెలుస్తుంది. పై అధికారి ఎదుట ఆచితూచి పలికిన నాలుకే ఇంటి గడప దాటగానే కట్టు తెంచుకుంటుంది.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ వెలసిన పిమ్మట ఆ చుట్టుపట్ల అనేక గృహాలలో కాలం సూర్యునితో నడవడం మానినది. న్యూయార్కు మనకంటె చలికాలంలో పదిన్నర గంటలు వెనుక. అక్కడ పని మొదలయ్యేసరికి ఇక్కడ సందెదీపం వేళ దాటుతుంది. భార్య పగటి పని ముగించి రాయదుర్గంలో మెట్రో ఎక్కేసరికి భర్త రాత్రి కొలువుకు సిద్ధమవుతాడు. దొరికిన అరగంటను ఇంటి అప్పు వాయిదా, బిడ్డ చదువు మింగివేస్తాయి. తక్కినదంతా ఫోనులో పొడి ముక్కలు. “సరే” అన్న రెండక్షరాలలో సమ్మతి ఉన్నదో అలక ఉన్నదో కంఠస్వరం లేనిదే ఎట్లు తెలియును?

ఆలుమగల నడుమ నగ్నసత్యమే మేలని కొందరు వాదిస్తారు. అరణ్యకాండలో సీతమ్మ కూడా సత్యమే చెప్పినది. చెప్పిన తీరు చూడండి. రాక్షసవధకై రాముడు మునులకు మాట ఇవ్వడం ఆమెకు నచ్చలేదు. ముందు ఆయన సత్యనిష్ఠను కొనియాడి, వైరం లేనివారిని చంపడంపై తన భయాన్ని వెల్లడించినది. ఇంద్రుడు దాచమని ఇచ్చిన ఖడ్గాన్ని నిత్యం వెంట తిప్పుకొని క్రూరుడైన తాపసి కథ చెప్పి, బోధించడం లేదు, జ్ఞాపకం చేస్తున్నాననినది. రాముడు ప్రతిజ్ఞ విడువలేదు. అయినా, ఇష్టం లేనివారికి ఎవరూ హితం చెప్పరని సంతోషించినాడు. భేదం మిగిలినది, మనసులు విరగలేదు. అదే రాముడు యుద్ధకాండలో పలికిన పరుషవాక్యాలకు వ్యాఖ్యాతలు ఎన్ని సమాధానాలు చెప్పినా చదివినప్పుడు గుండె బరువెక్కక మానదు.

మృదుభాషణం తరతరాలుగా స్త్రీలకే ఎక్కువగా ఉపదేశించినారు. ఇది న్యాయం కాదు. బాధను దిగమింగడం వాక్తపస్సు కాదు. చేయి చేసుకొనే భర్త ఎదుట తీయగా మాట్లాడమనడం ధర్మమూ కాదు.

సప్తపదిలో ఏడవ అడుగు సఖ్యానికి. పొద్దుపోయి వచ్చిన భార్యతో “ఇల్లు గుర్తున్నదా?” అనవచ్చు, “నీవు రాలేదని కంగారుపడినాను” అనీ అనవచ్చు. మొదటిది విన్న ఆమె జవాబు వెతుక్కుంటుంది. రెండవది విన్న ఆమె, ఆలస్యమెందుకైనదో చెప్పడానికి పక్కన కూర్చుంటుంది.