యంత్రమాగిన పిదప

ధైర్యమనగా భయము లేకుండుట యని పలువురు తలంతురు. ఆకాశమున యంత్రమాగిన చిన్న విమానము వేఱొక పాఠము చెప్పుచున్నది.

అట్టి విమానము ఱాయివలె పడదు. సెస్నా 172 గంటకు సుమారు 125 కిలోమీటర్ల వేగము నిలుపుకొన్నచో, వేయి యడుగుల యెత్తునుండి రెండున్నర కిలోమీటర్ల దూరము జాఱుచు పోగలదు. అందులకు ముక్కు దింపవలెను. భీతిల్లిన చేయి దాని నెత్తజూచును. వేగము క్షీణించి ఱెక్కలు గాలిపట్టు కోల్పోవును. కావున ముందు వేగము, పిదప దిగుచోటు, ఆపైన ఇంధనపు మీటల పరీక్ష, చివరకు వార్త పంపుట: ఇదియే క్రమము. తక్కువ యెత్తున వెనుదిరుగుట యపాయము. 2009 జనవరి 15న పక్షులు తగిలి రెండు యంత్రములును చెడిన పెద్దవిమానమును సల్లెన్‌బర్గరు వెనుకకు మరలింపక, హడ్సను నదిపై దింపి 155 మందిని కాపాడెను.

హైదరాబాదు తూర్పున బాటసింగారము వఱకు పొలములు గిడ్డంగులుగను ఇండ్లస్థలములుగను మాఱుచున్నవి. ఇట్టిచోట దిగవలసివచ్చినవాడు, విమానము విఱిగినను సరే, జనమును తప్పించి బయలు వెదకుటయే ధర్మము.

సంసారమును నిట్టిదే. రాబడి తగ్గిన గృహస్థు పూర్వవైభవము జూపుటకై యప్పుచేసి కూతురి పెండ్లి ఘనముగా జేయుట ముక్కు నెత్తుట గాదా? యంత్రమాగుట దైవమనుడు, ముక్కు దింపుట మాత్రము మన పని.